ముఖ్యమైనవి మాట్లాడకూడదు!

మా ఇంట్లో ఒక రేడియో ఉండేది. అందులో వివిధభారతి రాదు, వార్తలు రావు. రోజూ పొద్దున్నే ఏడింటికి నాన్న దాని ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని 'సీక్యూ... సీక్యూ... సీక్యూ' అని మొదలుపెట్టేవారు. కాసేపటికి బుసబుసల మధ్యలోంచి ఎక్కడో మద్రాసు నుంచో, బెంగళూరు నుంచో ఒక గొంతు పలికేది. 'మీ ఊళ్లో వానలు పడ్డాయా?' అనేది. 'లేదండీ, ఒకటే ఉక్కపోత' అనేవారు నాన్న. 'నా గొంతు ఎలా వినిపిస్తోంది?' అని ఆయన. 'బ్రహ్మాండంగా వినిపిస్తోంది. నాది?' అని ఈయన.

అంతే. ఓ అరగంట ఇదే!

డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై మీటర్ల రాగితీగ, గదినిండా సోల్డరింగ్ వాసన, నెలనెలా జీతంలోంచి కొన్న విడిభాగాలు... ఇంత హంగూ చేసి వీళ్లు మాట్లాడుకునేది వానల గురించా అని అమ్మకి చిర్రెత్తుకొచ్చేది. పైగా ఆ తీగ మీద బట్టలు ఆరేయనిచ్చేవారు కాదు.

నాన్న విజయవాడలో పాలిటెక్నిక్ లెక్చరరు. ఆయన హామ్. అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత రేడియో కేంద్రం నడుపుకునే మనిషి. ఇలాంటివాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మన దేశంలో వాళ్ల పిలుపు పేర్లు 'వీయూ' అనే అక్షరాలతో మొదలవుతాయి. ప్రధానిగా చేసిన రాజీవ్‌గాంధీ కూడా హామే. ఆయన వీయూ2ఆర్‌జీ. ఆ సరదాలో రాజూపేదా ఉండదని నాన్న గర్వంగా చెప్పేవారు. 'రాజుగారి భార్య బట్టలు ఎక్కడ ఆరేసుకునేదో' అని అమ్మ వంటింట్లోంచి అనేది.

అమ్మ పుట్టిల్లు అమలాపురం దగ్గర ఒక పల్లె. 1995లో మా మావయ్య భార్యకి తొలి కాన్పు. అప్పుడు మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటివాళ్ల నంబరే మాకు పీపీ నంబరు. అమ్మమ్మ వాళ్ల పల్లెలో అదీ లేదు. అమలాపురంలో మాత్రం నాన్నకి ఒక హామ్ స్నేహితుడు ఉన్నారు. వారంలో నాలుగుసార్లు మాట్లాడుకునేవాళ్లు. ఆ రోజు అమ్మ కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి మెల్లగా అడిగింది.

"ఏవండీ, మీ స్నేహితుణ్ని ఒక్కసారి మా వాళ్లింటి దాకా వెళ్లి, ఆడపిల్లో మగపిల్లాడో కనుక్కోమనరాదూ?"

"కుదరదు. అది థర్డ్ పార్టీ మెసేజ్ అవుతుంది."

"నేను మీకు థర్డ్ పార్టీనా?"

ఈ ఒక్క మాట మా ఇంట్లో ఇరవయ్యేళ్లకు పైగా బతికింది. కూరలో ఉప్పు తక్కువైందని నాన్న అంటే 'థర్డ్ పార్టీ వంట అలాగే ఉంటుంది' అని జవాబు వచ్చేది. ఆ కబురు నాలుగో రోజున ఉత్తరంలో వచ్చింది. ఆడపిల్ల.

నాన్న మొండితనం అనుకునేదాన్ని. కాదు, రూలే అలా ఉంది. ఇద్దరు హామ్‌లు తమ మాటలు తాము మాట్లాడుకోవచ్చు. మూడోమనిషి కబురు మోయకూడదు. మోస్తే అది టెలిగ్రాఫ్ ఆఫీసు చేసే పని అవుతుంది. 1927లో వాషింగ్టన్‌లో దేశాలన్నీ కూర్చుని రేడియో ఒప్పందం రాసుకున్నప్పుడే హామ్‌లకి ఈ గీత గీశారు. ప్రయోగాల గురించి మాట్లాడుకోండి. లేదా సొంత కబుర్లు చెప్పుకోండి, అవి కూడా టెలిగ్రాఫ్ ఆఫీసుకి వెళ్లి డబ్బు కట్టేంత ముఖ్యమైనవి కాకపోతేనే! మన దేశంలో 1978లో చేసిన అమెచ్యూర్ సర్వీసు నిబంధనల్లోకీ అదే భావం వచ్చింది.

మీరే చెప్పండి, ముఖ్యంకాని మాటలే మాట్లాడాలని చట్టం చేసిన చోటు ఇంకెక్కడైనా ఉందా? వానలు పడ్డాయా అంటే ఫరవాలేదు. బిడ్డ పుట్టిందా అంటే నేరం! టెలిగ్రాఫ్ ఖజానాకి గండి పడకూడదన్నది దొరల లెక్క. నిజానికి ఇది ఆ ఆఫీసు గల్లాపెట్టెకి వేసిన తాళం. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం అంతర్జాతీయ నిబంధనల్లోంచి ఆ 'ముఖ్యంకాని' అనే ముక్కని తీసేసింది. అప్పటికి అమ్మ గొడవ మొదలై ఎనిమిదేళ్లు.

మరుసటి ఏడాది, అంటే 1996 నవంబరు 6. ఆ రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు కోతకోసినట్టు ఒరిగిపోయాయి. నాకప్పుడు ఆరేళ్లు. గుర్తున్నది కొంచెమే. అమ్మ పక్కింటివాళ్ల గుమ్మం దగ్గర, వాళ్ల ఫోను వైపు చూస్తూ కూర్చోవడం, కొని పెట్టిన దీపావళి టపాకాయల సంచి అలాగే అటక మీద ఉండిపోవడం, నాన్న రేడియోని దుప్పట్లో చుట్టి, లారీ బ్యాటరీతో సహా రిక్షాలో పెట్టుకుని వెళ్లడం. అంతే.

ఎక్కడికంటే, ఊళ్లోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి. ఫోన్లు, కరెంటు పోయి మామూలు మార్గాలన్నీ మూసుకుపోయినప్పుడు హామ్‌లకి ఒక తలుపు తెరుచుకుంటుంది. వరద, తుపాను, భూకంపం లాంటివి వస్తే మూడోమనిషి కబురు మోయొచ్చు. అయితే దానికీ ఒక మెలిక ఉంది. మన నిబంధనల ప్రకారం ఆ కబురు జిల్లా కలెక్టరు లాంటి అధికారి నుంచి రావాలి, అలాంటి అధికారికే చేరాలి. పడవలు కావాలి, మందులు కావాలి, ఫలానా రోడ్డు తెగింది... ఇలాంటివి. 'మా అమ్మా నాన్నా ఎలా ఉన్నారు' అన్నది ఆ తలుపులోంచి కూడా పట్టదు.

నాన్న స్నేహితుడు అమలాపురంలో ఇల్లు కప్పు ఎగిరిపోయినా, చెట్టుకి తీగ కట్టి సెట్టు పనిచేయించారట. పగటిపూట నేరుగా వినిపించేది. పొద్దు గూకితే ఆ బ్యాండు వరస మారిపోతుంది. దగ్గర ఊళ్లు మాయమై, ఎక్కడో దూరపువి పలుకుతాయి. అప్పుడు కలకత్తాలోనో ఇంకోచోటో ఉన్న హామ్ మధ్యలో అందుకుని, ఇటుది అటు చెప్పేవాడట. అమలాపురం మాట కలకత్తా వెళ్లి విజయవాడకి రావడం! ఇవన్నీ తర్వాత్తర్వాత నాన్న చెప్పినవి.

రెండో రోజు సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే "అందరూ బాగున్నారు. ఇల్లు పోయింది, మనుషులు ఉన్నారు" అన్నారు. అమ్మ గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత నెలరోజులు అమ్మ నాన్నతో మాట్లాడలేదు. 'మీ నాన్నని అన్నానికి రమ్మను' అని నాతో చెప్పేది. నేను ఆయనకి చెప్పేదాన్ని. మా ఇంట్లో ఆ నెలంతా నడిచింది థర్డ్ పార్టీ సర్వీసే. ఎందుకు మాట్లాడటం లేదో నాకు తెలీదు. కబురు తెచ్చినందుకు సంతోషించాలి కదా అనుకునేదాన్ని.

2017లో నాన్న పోయారు.

పదమూడో రోజు కార్యక్రమాలు అయ్యాక గదిలో సెట్టు అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న అయింది. ఎందుకంటే లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఇంట్లో ఉంచుకోవడమే అప్పటి చట్టం ప్రకారం తప్పు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అది. మాట్లాడక్కర్లేదు, దగ్గరుంటే చాలు. లైసెన్సు మనిషికి ఇస్తారు, పెట్టెకి కాదు. ఇల్లూ పొలంలాగా వారసత్వంగా రాదు. లైసెన్సున్న ఇంకెవరికైనా ఇచ్చేయాలి. లేదా ఇంట్లో ఒకరు ఆ పరీక్ష పాసవ్వాలి.

"ఇచ్చేయ్" అంది అమ్మ. "తీగ తీసేస్తే దండెం కట్టుకుంటాను" అని కూడా అంది. కానీ వేరే హామ్ ఒకాయన చూడ్డానికి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, "మా అమ్మాయి పరీక్ష రాస్తానంటోందండీ" అని పంపేసింది. నేను ఆ మాట అననే లేదు!

అలా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఇరవయ్యేడేళ్ల వయసులో ఎలక్ట్రానిక్స్ పుస్తకం పట్టుకున్నాను. నాది జర్నలిజం డిప్లొమా. ఓమ్ సూత్రం టెన్త్‌తోనే వదిలేసినదాన్ని. పరీక్షలో రెండు భాగాలు. ఒకటి రేడియో సిద్ధాంతం, రెండోది నిబంధనలు. మొదటిది ఏడిపించింది. రెండోది చదువుతుంటే మాత్రం మా ఇంటి చరిత్ర చదువుతున్నట్టే ఉంది.

గాల్లోకి పాటలు పంపకూడదు. అందుకా, ధనుర్మాసంలో గుడి మైకు మొదలవ్వగానే నాన్న పరుగెత్తి కిటికీలు మూసేది! నేను పక్కన పద్యం బట్టీపడుతుంటే బటన్ మీద వేలు తీసేసేవారు. వ్యాపారం మాట్లాడకూడదు, డబ్బు తీసుకుని కబురు చేర్చకూడదు. బూతులు ఆడకూడదు. ఆపదలో ఉన్నామని అబద్ధపు పిలుపు ఇవ్వకూడదు. పిలుపు పేరు చెప్పకుండా మాట్లాడకూడదు. ప్రతి సంభాషణనీ తేదీ, సమయంతో సహా పుస్తకంలో రాయాలి. అదీ కుట్టిన పుస్తకమే కావాలి, విడికాగితాలు పనికిరావు. కాగితం చింపేసి తప్పుకోవడానికి వీల్లేకుండా అన్నమాట.

రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు. మరి 'సీక్యూ' ఏమిటంటారా? అది అందరికీ తెలిసిన సంకేతం, 'ఎవరైనా ఉన్నారా' అని అర్థం. '73' అంటే శుభాకాంక్షలు. '88' అంటే ముద్దులు. ముద్దులు బూతు కిందకి రావు, ఫరవాలేదు. మగ హామ్ ఎంత కుర్రాడైనా 'ఓల్డ్ మేన్'. ఆడవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా 'యంగ్ లేడీ', పొట్టిగా వైఎల్. భార్య అయితే 'ఎక్స్ వైఎల్'. అంటే మాజీ యంగ్ లేడీ! 'మా ఎక్స్ వైఎల్ పిలుస్తోంది' అని నాన్న అనడం నాకు బాగా గుర్తు. ఆ అర్థం అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

నా వృత్తికి తగిలిన రూళ్లు వేరే ఉన్నాయి. వార్తలు ప్రసారం చేయకూడదు. మనకి ఉద్దేశించనిది ఏదైనా చెవిన పడితే బయటపెట్టకూడదు, వాడుకోకూడదు. విలేకరికి ఇంతకంటే శిక్ష ఉంటుందా? చదువుతూ నవ్వుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఈ చేతులు కట్టేయడానికి కారణం కనిపించింది. ఈ తీగకి గోడలు లేవు. నేను విజయవాడతో మాట్లాడేది బర్మాలో ఎవరైనా వినొచ్చు. ఒకరు మాట్లాడుతుంటే ఆ చోట ఇంకొకరు మాట్లాడలేరు. అమ్మకానికీ ప్రచారానికీ తలుపు తీస్తే, వారం తిరక్కుండా అక్కడ మనిషి గొంతు వినపడదు.

రూలు మీరడమే న్యాయమైన రోజులూ ఉన్నాయి. 1942లో క్విట్ ఇండియా సమయాన ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. హామ్‌ల బ్యాండు ప్రాంతంలోనే, 42 మీటర్ల దగ్గర. యుద్ధం మొదలయ్యాక హామ్‌ల సెట్లన్నీ పోలీసులకి అప్పగించమని బ్రిటిష్ ప్రభుత్వం ఆదేశించినా, రేడియో పరిజ్ఞానం ఉన్న కొద్దిమంది సాయంతో అది దాదాపు మూడు నెలలు పలికింది. అడ్డా మారుస్తూ, మారుస్తూ నవంబరు 12న దొరికిపోయారు. ఉషా మెహతాకి నాలుగేళ్ల జైలు పడింది. నాన్న ఆమె గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. అంతటి రూళ్ల మనిషికి అదంటే ఎందుకంత ఇష్టమో అడగలేదు.

నాన్నకి ఇంకో ఇష్టమైన కథ 2004 డిసెంబరుది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ ఒక బృందంతో అండమాన్ వెళ్లారు. అక్కడి నుంచి హామ్ గొంతు వినిపించి ఏళ్లు గడిచాయి. అందుకని ప్రపంచంలోని హామ్‌లంతా ఆవిడని అందుకోవాలని ఎగబడ్డారు. ఆ సంభాషణ ఎంతనుకున్నారు? పిలుపు పేరు, 'బాగా వినిపిస్తోంది', 'థాంక్యూ'. ఐదారు సెకన్లు. ముఖ్యంకాని మాటల్లోకెల్లా ముఖ్యంకానివి! డిసెంబరు 26 పొద్దున సునామీ వచ్చింది. ఆవిడ ఆట ఆపేశారు. అదే సెట్టు, అదే తీగ. పోర్ట్ బ్లెయిర్ నుంచి, కార్ నికోబార్ నుంచి బతికున్నవాళ్ల సమాచారం ప్రధాన భూభాగానికి చేరవేయడం మొదలుపెట్టారు. మూడు వారాలుగా 'వినిపిస్తోందా' అని అడిగీ అడిగీ, ఏ వేళకి ఏ ఊరు వినిపిస్తుందో వాళ్లకి కంఠతా వచ్చేసింది మరి.

నేను 2018లో పరీక్ష పాసయ్యాను. నెలల తరబడి ఎదురుచూశాక లైసెన్సు వచ్చింది. మోర్స్ రాదు కాబట్టి నాది చిన్న లైసెన్సు, వీయూ3. నాన్నది వీయూ2. చచ్చినా ఆయన్ని దాటలేనన్నమాట.

సెట్టు దుమ్ము దులుపుతున్నప్పుడే ఆయన లాగ్ పుస్తకాలు దొరికాయి. చివరిసారి రాసిన తేదీ నుంచి ఏడాది దాస్తే చాలని రూలు. ఆయన ముప్ఫయ్యేళ్లవి దాచారు. 1996 నవంబరు తీశాను. ఏడో తారీఖు నుంచి వరసగా, గుండ్రటి చేతిరాతతో ఉన్నాయి. సమయం, పిలుపు పేరు, మెసేజు నంబరు. ఎనిమిదో తారీఖు, ఉదయం 11.20. అక్కడ మెసేజు నంబరు లేదు. 'స్నేహితుడు స్వయంగా చెప్పిన విషయం: మా అత్తగారు, మావగారు, బావమరిది కుటుంబం క్షేమం' అని ఒక వాక్యం.

నాన్న చేసిన పని అర్థమై ముచ్చటేసింది. అడగలేదు. కబురు మోయలేదు. ఆ పెద్దమనిషే అమ్మమ్మ వాళ్ల పల్లెకి వెళ్లి చూసొచ్చి, తన సొంత కబురుగా చెప్పారు. ఇద్దరు హామ్‌ల సొంత కబుర్లకి అనుమతి ఉంది. రూలూ చెడలేదు, కబురూ దక్కింది.

ఆ తర్వాత సమయం చూశాను. 11.20. నాన్న ఇంటికొచ్చింది చీకటిపడే వేళకి.

పక్కింటివాళ్ల ఫోను ఉంది. ఆ ఆఫీసుకీ మా ఇంటికీ మధ్య లైన్లు పోలేదు. ఒక్క కాలు చేస్తే చాలు. అమ్మ ఆ గుమ్మంలోనే కూర్చుని ఉంది కదా, ఆరేడు గంటలు!

పుస్తకం దాచేద్దామా అనుకున్నాను. రెండు రోజులు ఆగి అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, పుస్తకం మూసేసింది.

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"ఆ రాత్రే చెప్పారు. అన్నం తింటూ, 'పొద్దున పదకొండింటికే తెలిసిందే' అన్నారు. మరి ఫోన్ చేయలేదేం అంటే, 'నా వెనక పదకొండు మెసేజులు వరసలో ఉన్నాయి, లేస్తే లైను పోతుంది' అన్నారు. అందుకే కదే, నెల్లాళ్లు మాట్లాడలేదు!"

"ఫోనుకి రెండు నిమిషాలమ్మా..."

"నేనూ అదే అన్నాను. అక్కడ ఎవరో బోటు కోసం చూస్తున్నారట. మందుల కోసం చూస్తున్నారట." కాసేపు ఊరుకుంది. "అబద్ధం చెప్పుంటే నాకేం తెలిసేది? సాయంత్రమే తెలిసిందంటే సరిపోయేది కదా. అదీ చేతకాదు మనిషికి."

కోపమో, మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు. నేనైతే ఇప్పటికీ ఫోన్ చేసి ఉండాల్సిందనే అంటాను. రెండు నిమిషాల్లో లైను ఎక్కడికి పోతుంది? కానీ ఆ రోజు ఆ పదకొండు కాగితాలూ నా ముందు లేవు.

ఇప్పుడు సెలవులకి విజయవాడ వెళ్లినప్పుడల్లా పొద్దున ఏడింటికి సెట్టు ముందు కూర్చుంటాను. తీగ అలాగే ఉంది. దండెం వేరే కట్టించాను. అమలాపురం పెద్దాయనకి ఎనభై దాటాయి. గొంతు వణుకుతుంది గానీ చెయ్యి స్థిరంగా ఉంది, బ్యాండు మీద సూదిమొనలా వచ్చి కూర్చుంటారు. 'అమ్మాయ్, వానలు పడ్డాయా?' అంటారు. 'లేదు బాబాయ్‌గారూ, ఉక్కపోత' అంటాను.

క్రితంసారి అమ్మ కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం చూడలేదు. పెద్దాయన మాట అయి, నా వంతు వచ్చింది. బటన్ మీద వేలు పెట్టాను.

అమ్మ నా భుజం మీద తట్టింది. "ఆవిడకి మోకాళ్ల నొప్పులు తగ్గాయేమో అడుగు."

వేలు ఆగింది. ఇది నా ప్రశ్నా, అమ్మ ప్రశ్నా? నాది అయితే సొంత కబురు. అమ్మది అయితే...

"ఏమే, థర్డ్ పార్టీనా?" అంది అమ్మ.

"బాబాయ్‌గారూ, పిన్నిగారి మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?" అని అడిగి, పుస్తకంలో సమయం రాశాను. 7.14.